మోడెం ఏది? రూటర్ ఏది? ఒక్క కనెక్షన్‌ను ఇంటిల్లిపాదీ వాడుకొనే విధానం

పాల కేంద్రాలలో తూకం యంత్రం, వెన్న పరీక్ష యంత్రం, కంప్యూటరు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయడం మొదలైన తరువాత సభ్యులు అడిగే ప్రశ్నలు కూడా మారాయి. వెనుకటివలె దాణా గురించీ, ఎదకు రాని గేదె గురించీ అడుగుతూనే, చివరకు వెళ్లబోతూ ఇంకొక మాట అడుగుతున్నారు. "నెట్టు సరిగా రావడం లేదండీ, కొత్త మోడెం కొనమంటారా?" "మా తమ్ముడి ఇంటికి కూడా ఈ కనెక్షనే ఇవ్వవచ్చా?" "పెద్ద రూటర్ పెడితే వేగం పెరుగుతుందా?"

ఈ ప్రశ్నలన్నిటికీ మూలం ఒక్కటే. మోడెం చేసే పని వేరు, రూటర్ చేసే పని వేరు. నేడు రెండూ ఒకే పెట్టెలో అమర్చి ఇస్తున్నారు కనుక ఆ తేడా మనకు కనబడడం లేదు. తేడా తెలియకపోతే లోపం ఒకచోట ఉండగా మందు మరొకచోట వేస్తాము. అటువంటి పొరపాటు నేనే ఒకసారి చేశాను కనుక ముందు ఆ సంగతి చెబుతాను.

గురజాల వైపు ఒక సంఘంలో, వానకాలంలో, రాత్రి గాలివాన కొట్టింది. తెల్లవారి కేంద్రం తెరిచేసరికి పెట్టె మీద ఒక ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటున్నది. కార్యదర్శి గారు నాకు ఫోను చేశారు. స్విచ్చి తీసి వేయమన్నాను; వేశారు, ఫలితం లేదు. "వెనుక చిన్న రంధ్రం ఉంటుంది, అందులో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కండి" అని సలహా ఇచ్చాను. నొక్కారు. సాయంత్రానికి లైన్‌మెన్ వచ్చి స్తంభం దగ్గర తెగిన తీగను అతికించి వెళ్లాడు. లెక్క ప్రకారం అప్పటికి పని అయిపోవాలి. కాని కాలేదు. ఆ రంధ్రంలోని మీట పెట్టెను ఆపి తిరిగి వేసేది కాదు, పెట్టెకు నేర్పిన సంగతులన్నిటినీ తుడిచివేసేది. కనెక్షన్ పేరు, దాని రహస్యపదం అన్నీ పోయాయి. అవి ఎక్కడా రాసిపెట్టి లేవు. పది రోజుల పాల బిల్లు పంపవలసిన రోజు కూడా అదే. అయిదు రోజులు ఆలస్యమైంది. పత్తి చెక్క బస్తాకు దుకాణంలో మాట ఇచ్చివచ్చిన ఒక సభ్యురాలు, "నెట్టు లేదని మీకు తెలుసు గాని మా గేదెకు తెలుస్తుందా అయ్యా?" అన్నది. నా దగ్గర సమాధానం లేదు.

లోపం తీగలో ఉన్నది. నేను పెట్టె మీద చేయి చేసుకున్నాను. ఈ పాఠం అందుకోసమే రాస్తున్నాను.

మోడెం: బయటి నుంచి తెచ్చేది

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందుబాటులోకి వచ్చింది. అప్పట్లో అది మాట్లాడుకొనే టెలిఫోను తీగ మీదుగానే వచ్చేది. ఆ తీగ మనిషి గొంతును మోయడానికి వేసినది. కంప్యూటరుకు గొంతు లేదు, దానికి తెలిసినవి ఒకటి, సున్న అనే రెండు అంకెలే. ఆ అంకెలను శబ్దంగా మార్చి తీగలోకి పంపి, అవతలి నుంచి వచ్చిన శబ్దాన్ని తిరిగి అంకెలుగా మార్చడానికి మధ్యలో ఒక దుబాసీ కావలసి వచ్చింది. ఆ దుబాసీయే మోడెం. మార్చడం, తిరిగి విప్పడం అనే రెండు ఇంగ్లీషు మాటల మొదటి భాగాలు కలిపి ఆ పేరు పెట్టారు. నెట్టు వాడుతున్నంతసేపు ఇంటి ఫోను పనిచేసేది కాదు. ఎవరైనా ఫోను చేస్తే ఎంగేజి వచ్చేది. ఎంత మంచి మోడెం అయినా సెకనుకు 56 వేల అంకెలకు మించి తెచ్చేది కాదు.

తరువాత అదే రాగి తీగ మీద, మాటకు అడ్డం రాకుండా, బ్రాడ్‌బ్యాండ్ వచ్చింది. అయితే రాగి తీగకు దూరం పడదు. ఎక్స్ఛేంజికి ఆమడ దూరంలో ఉన్న పల్లెకు చేరేసరికి దాని బలం తగ్గిపోయేది. ఇప్పుడు రాగి స్థానంలోకి గాజు వచ్చింది. వెంట్రుక మందాన ఉండే గాజు పోగులో వెలుతురు ప్రయాణం చేస్తుంది. గ్రామ పంచాయతీలకు ఈ గాజు తీగ వేయాలనే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదించింది. అదే తరువాత భారత్ నెట్ అయింది. మన రాష్ట్రంలో విద్యుత్ స్తంభాల మీదుగా తీగ లాగిన ఫైబర్ నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ వెలగపూడిలో ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, నెట్టు మూడూ ఇస్తామని ఆ రోజుల్లో ప్రచారం చేశారు. ఒకే పెట్టెలో ఇన్ని పనులు చూడడం మన పల్లెల్లో చాలామందికి అదే మొదటిసారి.

ఇప్పుడు మన గోడకు వేలాడే పెట్టె వెలుతురును విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. సాంకేతికంగా దాని పేరు ఓ.ఎన్.టి. లైన్‌మెన్‌తో సహా అందరూ మోడెం అనే అంటున్నారు, అందులో తప్పేమీ లేదు, పని అదే కనుక. గాజు తీగ విషయంలో మాత్రం రెండు జాగ్రత్తలు పాటించాలి. దానిని పలుపుతాడువలె మెలివేసి ముడి వేయకూడదు. వంపు ఎక్కువైతే వెలుతురు పోగులోనుంచి బయటకు జారిపోతుంది. తీగ పైకి బాగానే కనబడుతుంది, నెట్టు మాత్రం రాదు. రెండవది, ఊడిన తీగ కొనను కంటి దగ్గర పెట్టుకొని చూడరాదు. అందులో ప్రయాణించే వెలుతురు కంటికి కనబడని రకం. కనబడదు గాని కంటికి హాని చేయగలదు. పిల్లలకు ఈ మాట తప్పక చెప్పండి.

రూటర్: ఇంట్లో పంచేది

రూటర్ పని అర్థం చేసుకోవడానికి మన సభ్యులకు వేరే ఉదాహరణ అక్కరలేదు, పాల సంఘమే చాలు.

సంఘానికి ఒక కోడ్ నంబరు ఉంటుంది. శీతలీకరణ కేంద్రం వారికి తెలిసినది ఆ నంబరే. మీ పేరు, మీ గేదె, మీ వీధి వారికి అక్కరలేదు. సంఘం లోపల మాత్రం ప్రతి సభ్యునికీ వేరే నంబరు ఉంటుంది. పొరుగూరి సంఘంలో కూడా 27వ నంబరు సభ్యుడు ఉంటాడు. అయినా చిక్కు రాదు, ఎందుకంటే ఆ నంబరు ఆ సంఘం గడప దాటదు. పాలన్నీ కలిసి సంఘం పేరనే వెళతాయి. డబ్బు సంఘం పేరనే వస్తుంది. వచ్చిన తరువాత కార్యదర్శి గారు రిజిస్టరు చూసి ఎవరిది వారికి చేరుస్తారు.

రూటర్ అక్షరాలా ఇదే చేస్తుంది. కంపెనీ వారు మీ ఇంటికి ఒక్క నంబరే ఇస్తారు. దానిని ఐ.పి. అడ్రసు అంటారు. ఇంట్లోని ఫోన్లకు, టీవీకి, కంప్యూటరుకు రూటర్ తన సొంత నంబర్లు వేస్తుంది. ఇవి చాలా ఇళ్లలో 192.168 తో మొదలవుతాయి. నరసరావుపేటలో ఒక ఇంటి ఫోనుకూ, మాచర్లలో ఇంకొక ఇంటి ఫోనుకూ ఒకే నంబరు ఉండవచ్చు. మన 27వ నంబరు సభ్యులవలెనే. మీ అమ్మాయి తన ఫోనులో పరీక్ష ఫలితం అడిగినప్పుడు రూటర్ తన రిజిస్టరులో 'ఫలానా నంబరు ఫోను, ఫలానా చోట, ఫలానాది అడిగింది' అని రాసుకొని, ఆ కోరికను ఇంటి నంబరు మీద బయటకు పంపుతుంది. జవాబు వచ్చినప్పుడు రిజిస్టరు చూసి ఆ ఫోనుకే ఇస్తుంది. అందుకే ఒక్క కనెక్షన్ మీద పదిమంది పది పనులు చేసుకుంటున్నా ఒకరి జవాబు ఇంకొకరికి పోవడం లేదు. ఇలా పొదుపు చేయడానికి కారణం ఉంది. పాత పద్ధతిలో ఉన్న అడ్రసులు ప్రపంచమంతటికీ కలిపి సుమారు 429 కోట్లే. మనుషులే అంతకంటె ఎక్కువ. కొత్త పద్ధతి వచ్చింది, అందులో కొరత లేదు. కాని పాతది కూడా ఇంకా నడుస్తూనే ఉన్నది.

కాబట్టి మోడెం పాల టాంకరు వంటిది, రూటర్ కార్యదర్శి వంటిది. టాంకరు రాకపోతే కార్యదర్శిని మార్చి ప్రయోజనం లేదు. గురజాల వైపు నేను చేసినది అదే.

వేగం గురించి

కార్యదర్శి ఎంత సమర్థుడైనా సభ్యులు పోసిన దానికంటె ఒక్క చుక్క ఎక్కువ పాలు చూపలేడు. అట్లాగే రూటర్ పంచగలదు గాని పుట్టించలేదు. సాగర్ కుడి కాలువలో నీరు తగ్గినప్పుడు వారబందీ పెడతారు. పొలంలో పెద్ద బోదె తవ్వినంత మాత్రాన తూములో నీరు పెరగదు. మీ పథకమే 40 ఎం.బి.పి.ఎస్. అయితే ఎంత ఖరీదైన రూటర్ కొన్నా 40 దాటదు. ఈమధ్య ఆరు కొమ్ముల రూటర్లు అమ్ముతున్నారు. కొమ్ములను చూసి గేదెను కొనే రైతు పల్నాడులో లేడు, రూటర్ల విషయంలో మాత్రం కొంటున్నాము.

ఇంకొక చిన్న లెక్క. 40 ఎం.బి.పి.ఎస్. అంటే సెకనుకు 4 కోట్ల అంకెలు. ఒక అక్షరానికి ఎనిమిది అంకెలు పడతాయి. అంటే సెకనుకు 50 లక్షల అక్షరాలు. కంపెనీ వారు అంకెలలో చెబుతారు, ఫోను అక్షరాలలో చూపుతుంది. ఎనిమిదో వంతే వస్తున్నదని కోపగించుకోనక్కరలేదు. 100 కోట్ల అక్షరాల సినిమా ఆ కనెక్షన్ మీద దిగడానికి, ఒక్కరే వాడుకుంటుంటే, 200 సెకన్లు పడుతుంది. నలుగురు ఒకేసారి దింపుకుంటే నాలుగింతలు పడుతుంది.

మరి పాల కేంద్రానికి ఎంత వేగం కావాలి? 150 మంది సభ్యులు, రెండు పూటలు, ఒక్కొక్కరి తూకం, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్., ధర అన్నీ కలిపి 200 అక్షరాలు అనుకుందాం. రోజు మొత్తానికి 60 వేల అక్షరాలు. మీ ఫోనుతో తీసిన ఒక్క ఫొటో 20, 30 లక్షల అక్షరాలంత ఉంటుంది. కనుక సంఘానికి వేగం అక్కరలేదు, తెగకుండా ఉండడం కావాలి. ఎక్కువ వేగం పథకానికి పెట్టే డబ్బుతో బ్యాటరీ కొనడం మేలని నా అభిప్రాయం.

మన రాతి గోడలు

వేగం బాగానే ఉన్నా లోపలి గదిలో రావడం లేదనే ఫిర్యాదు మన ప్రాంతంలో ఎక్కువ. కారణం మన ఇళ్లే. పట్నంలో నాలుగు అంగుళాల ఇటుక గోడలు. మాచర్ల, దాచేపల్లి వైపు పాత ఇళ్లకు అడుగున్నర, రెండడుగుల రాతి గోడలు. వేసవికి ఇటువంటి ఇల్లు ఎంత సుఖమో అందరికీ తెలుసు. ఎండను ఆపే ఆ గోడే వైఫై తరంగాన్ని కూడా ఆపుతుంది.

తీగ పట్టుకువచ్చిన కుర్రవాడు వాకిలి పక్కన, తన పని సులువుగా అయ్యేచోట పెట్టె బిగించి పోతాడు. మనం పిల్లలను లోపలి గదిలో కూర్చోబెట్టి చదవమంటాము. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనుప బీరువా. తరంగం ఇనుమును దాటదు, నీళ్ల తొట్టిని కూడా సరిగా దాటదు. బిగించేటప్పుడే దగ్గరుండి ఇంటి నడుమ, మనిషి ఎత్తుకు పైన, ద్వారబంధాలకు ఎదురుగా పెట్టించుకోండి. తరంగం గోడలో కంటె తలుపు సందులో హాయిగా పోతుంది. చాలా పెట్టెలు రెండు పేర్లు చూపుతాయి. 5 అని ఉన్నది వేగం, కాని పొట్టిది. గోడ అడ్డం వస్తే నీరసిస్తుంది. 2.4 అని ఉన్నది నెమ్మది, కాని దూరం పోతుంది, గోడను కొంత ఓర్చుకుంటుంది. రాతి ఇంట్లో లోపలి గదికి 2.4 వాడి చూడండి. పాల కేంద్రంలో పెట్టెను స్టీలు క్యాన్ల వెనుక పెట్టకండి. కంప్యూటరు దగ్గరే ఉంటుంది కనుక దానికి వైఫై కూడా అక్కరలేదు, తీగతో కలపడమే శ్రేష్ఠం.

తమ్ముడి ఇంటికి ఇవ్వడం

ఒకే ఆవరణలో రెండు ఇళ్లుంటే వైఫైని నమ్ముకోవడం కంటె తీగ లాగడం మంచిది. నెట్‌వర్క్ తీగ 100 మీటర్ల వరకు పనిచేస్తుంది. దానిని కరెంటు తీగతో కలిపి కట్టకుండా, ప్లాస్టిక్ గొట్టంలో వేయాలి. ఆరుబయట లాగిన రాగి తీగకు పిడుగుల భయం ఉన్నది. ఉరుములు మొదలైతే రెండు కొనలూ ఊడదీయడం మరవవద్దు.

అవతలి ఇంట్లో రెండవ రూటర్ పెట్టినప్పుడు ఒక చిక్కు వస్తుంది. ఒకే రిజిస్టరులో ఇద్దరు కార్యదర్శులు నంబర్లు వేస్తే ఏమవుతుంది? అదే అవుతుంది. ఒక ఫోనుకు వస్తుంది, ఒకదానికి రాదు, కారణం తెలియదు. కనుక రెండవ పెట్టెలో నంబర్లు వేసే పనిని ఆపివేయాలి. దీనిని డి.హెచ్.సి.పి. ఆపడం అంటారు. తరువాత రెండవ పెట్టె సొంత అడ్రసును మొదటి దానికి భిన్నంగా మార్చి, తీగను దాని లాన్ అనే రంధ్రంలోనే కలపాలి. కొన్ని పెట్టెలలో 'యాక్సెస్ పాయింట్' అనే ఎంపిక ఉంటుంది. అది ఎంచుకుంటే ఈ పనులన్నీ అదే చేసుకుంటుంది.

ఇందులో యంత్రంతో సంబంధం లేని మాట ఒకటి ఉన్నది. కనెక్షన్ ఎవరి పేరున ఉంటే, దాని మీద జరిగిన దానికి మొదట వారినే అడుగుతారు. పైన చెప్పుకున్నాము గదా, బయటి ప్రపంచానికి కనబడేది ఇంటి నంబరు ఒక్కటే. తమ్ముడి ఇంట్లో ఎవరైనా మోసపు పనికి వాడినా ఆ నంబరే కనబడుతుంది. వీధిలో నలుగురికి ఇచ్చి నెలకు ఇంత అని వసూలు చేయడం వేరే వ్యవహారం. దానికి అనుమతులు కావాలి, ఆ జోలికి పోకండి.

పాల కేంద్రం రహస్యపదాన్ని గోడ మీద రాయడం నేను రెండు మూడు చోట్ల చూశాను. పాలు పోసి వెళ్లే కుర్రవాళ్లు అక్కడే కూర్చుని సినిమాలు చూడడం సరే, సభ్యుల ఖాతాలు ఉన్న కంప్యూటరు కూడా అదే రూటర్ కింద ఉన్నదని గుర్తుంచుకోవాలి. వచ్చిపోయేవారికి ఇవ్వదలిస్తే 'గెస్ట్' అనే వేరే పేరు పెట్టుకొనే సౌకర్యం చాలా పెట్టెలలో ఉన్నది. దాని మీద వచ్చినవారికి నెట్టు అందుతుంది, కేంద్రం కంప్యూటరు కనబడదు. పెట్టె వెనుక అంటించి వచ్చే తాళం మాటను కూడా మొదటి రోజే మార్చండి.

దీపాలు చెప్పే మాట

గేదె ముట్టె చూసి జ్వరం పోల్చినట్లు పెట్టె దీపాలు చూసి లోపం పోల్చవచ్చు. పవర్ దీపం లేకపోతే ముందు ప్లగ్గు చూడండి. ఎల్.ఓ.ఎస్. అని రాసిన చోట ఎర్ర దీపం మెరుస్తుంటే వెలుతురు ఇంటి దాకా రావడం లేదని అర్థం. తీగ తెగింది, వంగింది, లేదా ఊడింది. పెట్టెను ముట్టుకోకుండా లైన్‌మెన్‌కు చెప్పాలి. పి.ఓ.ఎన్. దీపం ఆకుపచ్చగా నిలకడగా ఉండి, ఇంటర్నెట్ దీపం మాత్రం వెలగకపోతే తీగ మంచిదే. బిల్లు కట్టలేదేమో, లేదా పేరు, రహస్యపదం పోయాయేమో చూసుకోవాలి. ఆ దీపాలన్నీ సరిగా ఉండి మీ ఒక్క ఫోనుకే రాకపోతే లోపం రూటర్ వైపు, లేదా ఫోనులోనే. అప్పుడు కంపెనీకి ఫోను చేసి ప్రయోజనం లేదు. స్విచ్చి ఆపి ఒక నిమిషం ఆగి వేయడంలో ఎప్పుడూ నష్టం లేదు. పిన్ను రంధ్రం సంగతి ఇక చెప్పనక్కరలేదు. కనెక్షన్ పేరు, రహస్యపదం, లైన్‌మెన్ ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి సంఘం మినిట్స్ పుస్తకంతో పాటు బీరువాలో పెట్టుకోండి.

కరెంటు పోతే గాజు తీగలో వెలుతురు ఉన్నా మన పెట్టె పనిచేయదు. చాలా పెట్టెలకు 12 వోల్టులు చాలు. వాటికి సరిపోయే చిన్న బ్యాటరీ యూనిట్లు దొరుకుతున్నాయి. కొనేటప్పుడు అడాప్టరు మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి అదే లెక్కది తీసుకోవాలి.

అదీ లేనప్పుడు ఇంకొక దారి మన జేబులోనే ఉన్నది. సెల్ ఫోను తానే మోడెం, తానే రూటర్. టవరు నుంచి తెచ్చుకుంటుంది, హాట్‌స్పాట్ తెరిస్తే పక్కవారికి పంచుతుంది. ఆ అయిదు రోజుల్లో రెండవ రోజున ఎవరికైనా ఈ సంగతి తట్టి ఉంటే, కార్యదర్శి గారి ఫోను కంప్యూటరు పక్కన పెట్టి, బిల్లు అరగంటలో పంపి ఉండేవాళ్లం. ఇప్పుడు ఆ సంఘంలో నెలకొకసారి, నెట్టు బాగా ఉన్న రోజునే, పెట్టెను ఆపి ఫోను మీద ఒక పూట లెక్క పంపి చూసుకుంటున్నారు.